హ్యాండికాప్ ఎయిర్ రేసుకి మొదటిసారి వెళ్తున్నాం, మా లెక్క ఒకసారి చూస్తారా?

కొత్తరెక్క:

నమస్కారం. రెండేళ్ళుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు. వారం నుంచి నిద్ర సరిగ్గా పట్టక రాస్తున్నాను.

నాకు ప్రైవేట్ పైలట్ లైసెన్స్ వచ్చి మూడేళ్ళయింది. లాగ్‌బుక్‌లో 240 గంటలున్నాయి. నా జోడీకి 600 పైచిలుకు, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయట కనపడకపోయినా పరికరాలు చూసి నడిపే అర్హత) కూడా ఉంది. ఇద్దరం కలిసి వచ్చే వేసవిలో అమెరికాలో ఒక రేసుకి పేర్లు ఇచ్చాం. ఆడవాళ్ళ రేసు ఎయిర్ రేస్ క్లాసిక్ తరహాదే: సుమారు 2,400 మైళ్ళు, నాలుగు రోజులు, పగటి వెలుతురులోనే ఎగరాలి, అంతా వీఎఫ్‌ఆర్. అంటే కంటికి బయట కనపడుతుండగా నడపడమే, మబ్బులో దూరడానికి వీల్లేదు. మా విమానం సెస్నా 172ఎస్.

ఈ రేసుల సంగతి తెలియనివాళ్ళకి ఒక ముక్క. ఇందులో ముందు చేరినవాళ్ళే గెలిచినట్టు కాదు. పోటీకి ముందే ప్రతి విమానం ఫుల్ థ్రాటిల్‌తో ఎంత వేగం వెళ్తుందో కొలిచి ఒక అంకె ఇస్తారు, అదే హ్యాండికాప్. దారిలో ఒక్కో టైమింగ్ పాయింట్ దగ్గర ఎయిర్‌పోర్ట్ మీదుగా కిందగా వెళ్ళి గీత దాటాలి. మన గ్రౌండ్‌స్పీడ్ (నేల మీద లెక్కేసిన వేగం) మన హ్యాండికాప్ కంటే ఎంత ఎక్కువ వచ్చిందో అదే మన స్కోరు. కాబట్టి నిదానంగా వెళ్ళే బండి కూడా గెలవచ్చు.

మా హ్యాండికాప్ గంటకు 140 మైళ్ళ దగ్గర వస్తుందని అంచనా. మొదటి రెండు లెగ్‌లు (ఒక పాయింట్ నుంచి ఇంకో పాయింట్ దాకా ఒక లెగ్) కలిపి 550 మైళ్ళు. మధ్య పాయింట్‌లో దిగకుండా, గీత దాటేసి అలాగే ముందుకు పోదామంటుంది నా జోడీ. దిగడం, టాక్సీ (నేల మీద విమానాన్ని నడపడం), ఇంధనం కోసం వరసలో ఉండటం, మళ్ళీ పైకి లేవడం, ఇదంతా తప్పుతుందని. 550ని 140తో భాగిస్తే నాలుగు గంటల లోపే. గంటకు 10 గ్యాలన్ల చొప్పున 39 చాలు. మా ట్యాంకుల్లో వాడుకోదగ్గది 53. ఇంకా 13 పైనే మిగులుతుంది, అంటే గంటకు పైగా. లెక్క బాగానే ఉన్నట్టుంది. మరి నాకెందుకీ గుబులు?

ఇంకోటి. ఆమెకి నాకంటే అనుభవం ఎక్కువ, గెలవాలన్న పంతం ఇంకా ఎక్కువ. గాల్లో ఆమె "పోదాం" అంటే నా నోట "వద్దు" అన్న మాట వస్తుందా అని. ఇది అడగడానికే సిగ్గుగా ఉంది.


చివరిబెంచీ:

ముందు ఇన్సూరెన్స్ పాలసీ బయటికి తీసి చదవండి, ఇవాళే. చాలా పాలసీల్లో రేసులకీ వేగం పోటీలకీ కవరేజీ లేదని ఎక్కడో ఒక చిన్న వాక్యం దాక్కుని ఉంటుంది. ఫోన్లో "ఏం పర్లేదు మేడమ్" అన్నారంటే సరిపోదు, కాగితం మీద రాయించుకోండి. విమానం అద్దెదైతే యజమాని చేత కూడా. మిగతావి తిరిగొచ్చినవాళ్ళు చెప్తారు, నేను రేసుల్ని కుర్చీలో కూర్చుని చూసే రకం.


ఎదురుగాలి:

కొత్తరెక్క గారూ, మీ గుబులు సరైనదే, తప్పంతా మీ లెక్కలోనే ఉంది.

ఆ 140 ఎక్కడిది? ఫుల్ థ్రాటిల్‌తో కొలిచే అంకె. ఆ 10 ఎక్కడిది? మిక్స్చర్ (ఇంజిన్‌లోకి వెళ్ళే ఇంధనం, గాలి మిశ్రమం) పల్చన చేసుకుని తీరిగ్గా వెళ్ళే క్రూయిజ్‌లోది. వేగమేమో రేసుది వేశారు, ఇంధనమేమో షికారుది వేశారు. నేను 172ఎస్‌తోనే మూడు రేసులు తిరిగాను. కింది ఎత్తుల్లో థ్రాటిల్ మొత్తం తోసి, సిలిండర్లు కాగిపోకుండా మిక్స్చర్ చిక్కగా ఉంచితే మా ఇంజిన్ గంటకు 14 తాగింది. ఇప్పుడు మళ్ళీ వేయండి: 550 మైళ్ళకు 55 గ్యాలన్లు. మీ దగ్గరున్నది 53. రెండో గీత ఇంకా 20 మైళ్ళుందనగా ప్రొపెల్లర్ ఆగుతుంది. అదీ టాక్సీకీ ఎక్కడానికీ చుక్క ఖర్చు కాకుండా, ఎదురుగాలి అసలే లేకుండా.

నా 14ని కూడా నమ్మకండి. రేసుకి ముందు మీ విమానాన్నే గంటన్నర ఫుల్ థ్రాటిల్‌తో తిప్పి, దిగాక ట్యాంకులు అంచుదాకా నింపి, ఎన్ని గ్యాలన్లు పట్టాయో చూడండి. ఆ అంకెతోనే ప్లాన్ చేయండి. పగటి వీఎఫ్‌ఆర్‌కి ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) అడిగేది గమ్యం చేరాక ఇంకో 30 నిమిషాలకు సరిపడా ఇంధనం. అది చట్టానికి. మేము పెట్టుకున్నది గంట, అదీ రేసు వేగంలో గంట: 14 గ్యాలన్లు చేత్తో ముట్టనివి. టాక్సీకీ ఎక్కడానికీ ఇంకో రెండు తీసేస్తే, ఏకబిగిన మనం ఎగరగలిగేది రెండున్నర గంటలు, అంటే 350 మైళ్ళు. మీరు మధ్యలో దిగాల్సిందే.

ఇంతకీ దిగితే పోయేదేముంది? మేము తిరిగిన రేసుల్లో గీత దాటగానే గడియారం ఆగేది, మళ్ళీ బయల్దేరినప్పుడే మొదలయ్యేది. ఇంధనం వరసలో గంట నిలబడ్డా స్కోరులో ఒక్క అంకె కూడా కదలదు. మీ నిబంధనల పుస్తకంలో ఈ పేజీ ఇద్దరూ కలిసి చదవండి. మీ జోడీ పొదుపు చేద్దామనుకుంటున్న సమయానికి ఈ రేసులో విలువే లేదేమో చూడండి.

విలువున్నది గాలికి. పై గాలుల సూచనలో 3,000, 6,000, 9,000 అడుగుల వరసలు ముందేసుకుని కూర్చోండి. పైకి వెళ్ళేకొద్దీ మన ఇంజిన్ వెయ్యి అడుగులకి సుమారు 3 శాతం బలం కోల్పోతుంది. పైన వెనకగాలి ఆ నష్టాన్ని పూడ్చి ఇంకా మిగిలిస్తేనే ఎక్కాలి, లేకపోతే కిందే ఉండాలి. పొద్దున ఎదురుగాలి ఉండి మధ్యాహ్నానికి తిరుగుతుందంటే దిగి పడుకోవడమే మంచి ఎత్తుగడ. మొదటి రేసులో నాకిది ఎక్కలేదు. పక్కవాళ్ళు టేకాఫ్ అవుతుంటే కాళ్ళు ఆగేవి కావు.

కింద ఉండాలి అన్నాను కదా అని గడ్డి కోస్తూ పోవద్దు. ఊళ్ళు లేనిచోట మనుషులకీ కట్టడాలకీ 500 అడుగుల దూరం, ఊళ్ళ మీద చుట్టుపక్కల ఎత్తైన అడ్డంకి కంటే 1,000 అడుగుల పైన, ఇవి నిబంధనలు. నన్ను భయపెట్టేవి టవర్లు. తీగలతో లాగి కట్టిన టవర్లకి ఆ తీగలు 1,500 అడుగుల దాకా పక్కకి చాచి ఉంటాయి, కంటికి ఆనవు. అందుకే పక్కకి కనీసం 2,000 అడుగులు వదలమంటారు. మేము చార్టు మీద మా దారికి అటూ ఇటూ ఉన్న ప్రతి టవర్‌కీ పెన్సిల్‌తో గుండ్రం చుట్టాం. ఒక సాయంత్రమంతా పట్టింది. మ్యాప్ ఉన్న టాబ్లెట్ టవర్లని ఎర్రగా చూపిస్తుంది నిజమే, ఎండలో వేడెక్కి అది నల్లగా మారేదాకా.

ఇక ఫ్లైబై, అంటే ఎయిర్‌పోర్ట్ మీదుగా కిందగా వెళ్ళి గీత దాటడం. నిజం చెప్పాలంటే 2,400 మైళ్ళలో నా గుండె వేగంగా కొట్టుకునేది ఆ రెండు మూడు నిమిషాలే. ముక్కు దించి వస్తుంటే వేగం పెరుగుతుంది, వేగం చూపే సూది పసుపు పట్టీలోకి పాకుతుంది. 172ఎస్‌కి ఆ పట్టీ 129 నాట్స్ (గంటకు సుమారు 148 మైళ్ళు) దగ్గర మొదలవుతుంది. అది నిశ్చలమైన గాలికే. వేసవి మధ్యాహ్నం రన్‌వే మీద వేడిగాలి బుడగలు తంతుంటే ఆ పట్టీలో పని లేదు. కాబట్టి దూరం నుంచే మెల్లగా దిగుతూ రండి, చివరి మైలులో డైవ్ కొట్టకండి. రేడియోలో మీ రేసు నంబరు, ఎంత దూరంలో ఉన్నారు, గీత దాటాక దిగుతారా సాగిపోతారా, మూడూ చెప్పండి. అక్కడ రేసుతో సంబంధం లేని శిక్షణ విమానం ఒకటి నిదానంగా ప్యాటర్న్‌లో (రన్‌వే చుట్టూ విమానాలు తిరిగే దారిలో) తిరుగుతూ ఉంటుంది, ఎప్పుడూ ఉంటుంది. అది మీ గీత మీదకొస్తే ఫ్లైబై వదిలేసి పక్కకి తప్పుకుని మళ్ళీ రండి. రెండు నిమిషాలు పోతాయి, పోనీండి.

గీత దాటాక ఇంకో వల. చేతిలో వేగం ఉంది, పక్కన జనం చూస్తున్నారు, నిటారుగా లేపి ఓ పక్కకి వాల్చి తిప్పుదామనిపిస్తుంది. ఎత్తు తగ్గనివ్వకుండా 60 డిగ్రీల వంపులో తిప్పితే రెక్కల మీద భారం రెండింతలు, స్టాల్ వేగం (దానికంటే తగ్గితే రెక్కలు విమానాన్ని మోయలేని వేగం) 41 శాతం పెరుగుతుంది. లేపుతుంటే వేగమేమో పడిపోతోంది. ఆ రెండూ ఎదురుపడే చోట కింద కోలుకోవడానికి ఎత్తుండదు. నేరుగా, రెక్కలు సమంగా ఉంచి, మెల్లగా ఎక్కండి. తిరగడం తర్వాత.

మీ రెండో ప్రశ్న. సిగ్గుపడాల్సింది మీరు కాదు, నేను.

మా రెండో రేసు, మూడో రోజు సాయంత్రం. నేను 900 గంటల దాన్ని, నా జోడీ 200 దాటని అమ్మాయి. బయల్దేరినప్పుడు మబ్బు 3,000 అడుగుల్లో ఉంది. ముందు ఒక కొండ వరస. దగ్గరయ్యేకొద్దీ మబ్బు కిందికి, నేల పైకి. టాబ్లెట్‌లో మాకు ఎనిమిది మైళ్ళ ముందు మరో రేసు విమానం కనపడుతోంది, ఆగకుండా పోతోంది. "వాళ్ళు పోతున్నారుగా" అన్నాను. తను ఏమీ అనలేదు. కాసేపటికి మళ్ళీ అన్నాను, "పోతున్నారుగా". అప్పుడు తను, "ఆ టవర్ దీపం మనకంటే పైనుంది" అంది. నేను చూడలేదు. చూడలేదంటే, చూడదలుచుకోలేదు. తిప్పాను. వెనక పాతిక మైళ్ళలో ఒక చిన్న ఎయిర్‌పోర్ట్‌లో దిగి రాత్రి అక్కడి బల్లల మీదే పడుకున్నాం.

ముందు వెళ్ళినవాళ్ళు క్షేమంగా చేరారు. చివరికి మాకంటే 11 స్థానాలు పైన నిలిచారు కూడా. అదే ఇందులో కష్టం. మనం తిరిగొచ్చినందుకు ఎవరూ దండ వేయరు. తిరక్కపోతే ఏమయ్యేదో రుజువూ దొరకదు.

ఆ రాత్రి తను ఒక మాట చెప్పింది. దీపం తనకి నాలుగు నిమిషాల ముందే కనపడిందట. నాకు 900 గంటలున్నాయి కాబట్టి నాకు తెలిసే పోతున్నానని ఊరుకుందట. 140 మైళ్ళ వేగంలో నాలుగు నిమిషాలంటే తొమ్మిది మైళ్ళు. ఆ తొమ్మిది మైళ్ళూ నా గంటల లెక్కే మమ్మల్ని కొండలోకి తీసుకెళ్ళింది.

మర్నాడు పొద్దున ఒప్పందం రాసుకున్నాం. ఇద్దరిలో ఎవరు "తిప్పు" అన్నా, నడిపేవాళ్ళు ముందు తిప్పాలి. ఎందుకు అన్నది నేల మీద దిగాకే అడగాలి. వాదన గాల్లో నిషిద్ధం. మీరు ఇది రేసుకి ముందే చేయండి, మీ జోడీ చేత సంతకం పెట్టించండి. వినడానికి పిల్లలాటలా ఉంటుంది. కానీ గాల్లో "నాకు భయంగా ఉంది" అనడం కంటే ముందే ఒప్పుకున్న ఒక్క మాట అనడం తేలిక. ఆమె నవ్వి పక్కన పెట్టేస్తే, ఆ సంగతి కూడా నేల మీదుండగానే తెలియడం మంచిదేగా.

ఆమెకి ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ ఉందని ధైర్యపడుతున్నారేమో. ముందే అనుకుని, క్లియరెన్స్ తీసుకుని, అడ్డంకులకి పైనున్న ఎత్తులో మబ్బులోకి వెళ్ళడానికి పనికొచ్చేది అది. టవర్ల మధ్య 800 అడుగుల్లో అకస్మాత్తుగా తెల్లబడితే అదే చేతులు, అదే వణుకు. 1954లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం రేటింగ్ లేని 20 మందితో ప్రయోగం చేస్తే, బయట కనపడకుండా పోయాక అదుపు తప్పడానికి సగటున పట్టింది 178 సెకన్లు. ఆ సీట్లో మీరున్నప్పుడు మీ దగ్గరున్నది అంతే.


స్పానర్‌బాబాయ్:

ఎదురుగాలమ్మ అంతా చెప్పేసింది, నాకు ఇంజినే మిగిల్చింది.

ఫుల్ థ్రాటిల్ వల్ల ఇంజిన్ పాడవుతుందని అందరూ బెదిరిస్తారు. థ్రాటిల్ కాదమ్మా, వేడి పాడు చేస్తుంది. మీ లైకమింగ్ ఇంజిన్‌కి సిలిండర్ హెడ్ వేడి ఎర్రగీత 500 ఫారెన్‌హీట్. అక్కడిదాకా పోనిస్తే నా దగ్గరికి వస్తారు, నాకు లాభమే. 400 దాటుతుంటే మిక్స్చర్ ఇంకాస్త చిక్కగా చేయండి, లేదా కొంచెం థ్రాటిల్ లాగండి. ప్రతి దిగుడులోనూ ఆయిల్ కర్ర తీసి చూడండి, ఆదివారం షికారులో తాగినట్టు తాగదు. రేసు ముందు రోజు రాత్రి సందులకి టేపులు అతికించి వేగం పెంచే తెలివితేటలు వద్దు. ఒక కుర్రాడు అలా అతికించిన టేపు గాలి లోపలికొచ్చే దారిని సగం మూసేసింది, నేను పొద్దున విమానం చుట్టూ తిరిగి చూసేటప్పుడు కనపడింది కాబట్టి సరిపోయింది.

అన్నిటికంటే ముందు కార్బన్ మోనాక్సైడ్ డిటెక్టర్ కొనండి, రంగు మారే చుక్క ఉన్న కార్డు కాదు, అలారం కొట్టేది. మఫ్లర్‌లో వెంట్రుకంత పగులుంటే చాలు, ఎగ్జాస్ట్ క్యాబిన్‌లోకి వస్తుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీసే విషవాయువు, దానికి వాసన ఉండదు. మీ రేసుల తల్లి లాంటిది 1929 ఆగస్టులో శాంటా మోనికా నుంచి క్లీవ్‌ల్యాండ్ దాకా జరిగిన ఆడవాళ్ళ డెర్బీ. 20 మంది పాల్గొన్నారు. అందులో పెద్ద విమానాల విభాగం గెలిచిన లూయీజ్ థేడెన్‌కి ఆ పొగే తగిలింది. కాక్‌పిట్‌లోకి బయటి గాలి తెచ్చే గొట్టం ఒకటి బిగించుకుని, దానికి ముక్కు ఆనించి పీలుస్తూ నడిపింది. అదే రేసులో మార్వెల్ క్రాసన్ అరిజోనాలో కూలి చనిపోయింది. థేడెన్‌కి గొట్టం తప్ప దారి లేదు, మీకు అరచేతిలో పట్టే డబ్బా ఉంది.

ఎత్తైన ఎయిర్‌పోర్ట్ ఏదైనా దారిలో ఉంటే డెన్సిటీ ఆల్టిట్యూడ్ ముందే వేసుకోండి. 5,000 అడుగుల ఎత్తు, 35 సెల్సియస్ ఎండ అంటే విమానం తను 8,600 దగ్గరున్నాననుకుంటుంది. రన్‌వే పొడుగు చాలక కాదు, ఎక్కలేక చెట్లలోకి పోతారు. ట్యాంకులు సగం నింపి పొద్దున్నే లేవండి.


కొత్తరెక్క:

అక్కా, బాబాయ్, నిన్న రాత్రి ఇద్దరం కూర్చుని ఇదంతా చదివాం. 55 అన్న అంకె దగ్గర ఆమె నా చేతిలోంచి ఫోన్ లాక్కుని తనే మళ్ళీ లెక్కేసింది. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆ 10 నేను చెప్పిందే కదా" అంది.

నిబంధనలు తిరగేస్తే మాకూ గీత దగ్గర గడియారం ఆగుతుంది. ప్రతి పాయింట్‌లో దిగుతున్నాం. "తిప్పు" ఒప్పందం మీద సంతకం పెట్టింది, కానీ ఒక షరతు మీద: తను నడుపుతున్నప్పుడు నేనంటే ఎలాగో, నేను నడుపుతున్నప్పుడు తనంటే కూడా అలాగే, ఇంటికెళ్ళాక ఎవరూ దెప్పకూడదట. వచ్చే వారాంతం గంటన్నర ఫుల్ థ్రాటిల్ పరీక్ష. డిటెక్టర్ తెప్పిస్తున్నాం. ఇన్సూరెన్స్ వాళ్ళకి ఉత్తరం పంపాం.

ఒక కార్డు తయారుచేసి ప్యానెల్ మీద అతికిద్దామనుకుంటున్నాం. దిగేటప్పటికి ట్యాంకుల్లో 14 గ్యాలన్లకి తగ్గకూడదు. చూపు 5 మైళ్ళకి తగ్గితే తిప్పాలి. మబ్బు ఎత్తు 2,500 అడుగులకి తగ్గితే బయల్దేరకూడదు. పిడుగుల మబ్బుకి 20 మైళ్ళ దూరం. సూర్యాస్తమయానికి గంట ముందే నేల మీద. సరిపోతుందా?


ఎదురుగాలి:

కార్డు బాగుంది, రెండు మార్పులు.

ఆ 20 మైళ్ళు టాబ్లెట్ మీద కొలవకండి. ఏడీఎస్-బీలో (విమానానికి నేల నుంచి రేడియోలో సమాచారం పంపే వ్యవస్థ) వచ్చే రాడార్ బొమ్మ పక్కన "2 నిమిషాల క్రితం" అని ఉన్నా, అందులోని వాన ఒక్కోసారి 15, 20 నిమిషాల పాతది కావచ్చు. 2012లో అమెరికా ప్రమాదాల దర్యాప్తు సంస్థ దీని మీద ప్రత్యేకంగా హెచ్చరిక ఇచ్చింది. ఆ బొమ్మ ఎటు చుట్టిపోవాలో ముందే తేల్చుకోవడానికి, రెండు మబ్బుల మధ్య సందు వెతుక్కోవడానికి కాదు.

రెండోది, ఆ 2,500 ఎక్కడి నుంచి? ఎయిర్‌పోర్ట్ వాతావరణ రిపోర్టులో చెప్పే మబ్బు ఎత్తు ఆ ఎయిర్‌పోర్ట్ నేల నుంచి కొలిచింది. మీ దారిలో కొండ వరస ఆ ఎయిర్‌పోర్ట్ కంటే 1,400 అడుగులు ఎత్తుంటే, మీకు మిగిలింది 1,100. దాని మీద 300 అడుగుల టవర్ ఒకటుంటే 800. ఆ సాయంత్రం నేను మర్చిపోయిన తీసివేత ఇదే. ప్రతి లెగ్‌కీ దారిలో అన్నిటికంటే ఎత్తైన చోటు రాసుకుని, అక్కడి నుంచి 2,000 పైన మబ్బు ఉండేలా అంకె మార్చండి. ఒక్కో లెగ్‌కి ఒక్కో అంకె వస్తుంది. మార్చాక ఇక్కడ పెట్టండి, చార్టు తెచ్చుకుని కూర్చుంటాను.